గోడమీది మాటలు

నాలుగేండ్ల క్రిందట మా అమ్మను కనిపెట్టుకొని తొమ్మిది రాత్రులు ఒక పట్టణమందలి పెద్ద వైద్యశాలలో ఉండవలసివచ్చెను. అది ఒక కంపెనీవారి వైద్యశాల. ముందరి హాలులో చలువరాతి గోడమీద బంగారు రంగు అక్షరములతో అయిదు మాటలు చెక్కబడియుండెను: దయ, నిజాయితి, గౌరవము, సహకారము, శ్రేష్ఠత. వాని క్రింద, ఇవి మా సిబ్బందిని నడపు విలువలని యొక వాక్యము. చక్రముల కుర్చీలో కూర్చున్న మా అమ్మ ఆ గోడను చూచి, "అబ్బాయీ, అక్కడేం రాశారురా?" అని యడిగెను. సంస్కృతము చదివిన ఉపాధ్యాయుడను గదా. ఒక్కొక్క మాటకును అర్థము విప్పి చెప్పితిని. ఆమె అంతయు విని, "బాగానే ఉన్నాయి. వాళ్లు చదువుకోడానికి రాసుకున్నారా, మనం చదవడానికి రాశారా?" అనెను. నేను నవ్వి యూరకుంటిని. ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదని నాలుగవ రాత్రి తెలిసినది.

మా అమ్మకు మధుమేహము. ఆ రాత్రి భోజనమునకు ముందు ఒక నర్సు ఇన్సులిన్ ఇచ్చి, పని ముగియు వేళ తొందరలో ఆ సంగతి కాగితమున ఎక్కింపకయే పోయెను. తరువాత వచ్చిన నర్సు ఆ కాగితము చూచి, మందు పడలేదనుకొని మరల ఇచ్చెను. గంట గడచిన పిదప మందుల లెక్క చూచుకొనుచుండగా ఆమెకు అనుమానము తట్టెను. ముందటి నర్సుకు ఫోను చేసి యడుగగా సంగతి తేటపడెను. అప్పటికి అమ్మ నిద్రించుచున్నది. నేను ప్రక్కబల్లమీద కునుకుచున్నాను. దాచదలచినచో దాచవచ్చును. ఆమె దాచలేదు. ముందు డాక్టరు నొద్దకు పరుగిడి, పిదప నన్ను లేపి, వణకుచున్న గొంతుతో, "సార్, పొరపాటు జరిగింది. అమ్మగారికి మందు రెండుసార్లు పడింది. షుగరు బాగా పడిపోవచ్చు. డాక్టరుగారికి చెప్పాను. నేను ఇక్కడే ఉంటాను," అని చెప్పెను. చెప్పినట్లే యుండెను. తెల్లవారువరకు గ్లూకోజు ఎక్కించుచు, అరగంట కొకసారి వ్రేలినుండి రక్తపు బొట్టు తీసి చూచుచు, ఆ ముక్కాలిపీట విడిచి లేవలేదు. ఉదయమున అమ్మ కన్నులు తెరచి కాఫీ అడిగెను.

ఇక నేను చేసిన పని చెప్పవలెను. ప్రమాదము దాటినంతసేపు భయపడియుంటిని. దాటిన తరువాత ఆ భయమే కోపమాయెను. మంచి ఇంగ్లీషులో రెండు పుటల ఫిర్యాదు వ్రాసితిని. అందులో ఆ నర్సు పేరు మూడుమార్లు వచ్చెను. వాక్యములు చక్కగా కుదిరినవని లోలోపల కొంత సంతోషించితిని కూడ. మూడవనాడు ఆమె కానరాలేదు. గది ఊడ్చు ఆయా నా ముఖము చూడకయే, "ఆ అమ్మాయిని మాన్పించేశారండీ. మీరేదో కాగితం ఇచ్చారంట గదా," అనెను. మందిచ్చి వ్రాయక పోయిన నర్సు మాత్రము ఎప్పటివలెనే పనిలో నుండెను. ఆమె పేరు నా కాగితములో లేదు గదా! ఆ మొదటి నర్సును కూడ పంపివేయవలసినదని నా యభిప్రాయము కాదు. తప్పును వెలికి తీసిన చేతికే శిక్ష పడినదని మాత్రమే చెప్పుచున్నాను. ఆ అంతస్తులోని తక్కిన నర్సులు ఆనాడు నేర్చిన పాఠమేమి? జాగ్రత్తగా నుండుమని కాదు; నోరు మూసికొనుమని. ఈ పాఠము ఆ బంగారు అక్షరముల క్రిందనే జరిగినది. బోధించినవారిలో నేనొకడను.

ఇంటికి వచ్చిన తరువాత చరకసంహిత తీసి, సూత్రస్థానములోని తొమ్మిదవ అధ్యాయమును మరల చదివితిని. చికిత్సకు నాలుగు పాదములని అందు చెప్పబడినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, నేర్పు, అనురాగము, శుచిత్వము అను నాలుగు గుణములు కావలెను. రోగికి కావలసిన గుణములలో నిర్భయత్వమును, తన బాధను తెలుపగలుగుటయు ఉన్నవి. వైద్యుని సరసన పరిచారకుని నిలిపిన గ్రంథము మన యింట నుండగా, రోగి మలమూత్రముల నెత్తు చేతిని మన సంఘము తరతరములుగా దూరముగా నుంచినది. ఇది మన సిగ్గు.

అయితే ఆ నాలుగు పాదములలో యజమాని లేడు. నేటి వైద్యశాలకు యాజమాన్యమను అయిదవ పాదము మొలిచినది. జీతమెంత, పని యెన్ని గంటలు, ఒక్కొక్క నర్సు ఎందరు రోగులను చూడవలెను, తప్పు ఒప్పుకొన్నవారిని ఏమి చేయవలెను, ఇవన్నియు నిర్ణయించునది అదియే. గోడమీది మాటలు చెక్కించునదియు అదియే. పరిచారకునకు గుణములు విధించి, ఈ అయిదవ పాదమునకు ఏమియు విధింపనిచో ఆ గోడ అలంకారమే యగును. రోగికి చెప్పిన నిర్భయత్వము పరిచారకునకు కూడ ఉండవలెను. అది అతడు స్వయముగా సంపాదించుకొనగల గుణము కాదు, యజమాని ఇయ్యవలసినది.

దీనికి అమెరికాదేశపు ఉదాహరణ మొకటి కలదు. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక ధర్మపత్రము వ్రాసెను. తమ మొదటి బాధ్యత వైద్యులకు, నర్సులకు, వైద్యశాలలకు, తల్లులకు, తరువాత పనివారికి, పిదప సమాజమునకు, కడపట వాటాదారులకు అని దాని క్రమము. 1982లో షికాగో ప్రాంతమున ఎవరో దుర్మార్గులు అంగళ్లలోని టైలెనాల్ మాత్రలలో సైనైడు కలుపగా ఏడుగురు మరణించిరి. తప్పు కర్మాగారములోనిది కాకపోయినను, కంపెనీ దేశమంతటి అంగళ్లనుండి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనుకకు రప్పించెను. దానికి పదికోట్ల డాలర్లకు పైగా వ్యయమయ్యెను. ధర్మపత్రము అప్పుడు కాగితము దిగి నడచినది. అదే కంపెనీ తరువాతి కాలమున, పసిపిల్లల పౌడరులో రాతినార యున్నదను వేలకొలది వ్యాజ్యములలో చిక్కుకొన్నది. ఆరోపణలను కంపెనీ త్రోసిపుచ్చినది. కాని టాల్కుతో చేయు ఆ పౌడరు అమ్మకమును అమెరికా, కెనడాలలో 2020లోను, ప్రపంచమంతట 2023లోను మానివేసినది. ధర్మపత్రము మాత్రము అప్పుడును ఉండెను. విలువలు తాతలిచ్చిన మాన్యము కావు. ఏ తరము పంట ఆ తరమే పండించుకొనవలెను.

రెండవ ఉదాహరణము నర్సులకు మరింత దగ్గర. అమెరికా వైద్యశాలలలో పొరపాట్లవలన ఏటేట 44,000 మొదలు 98,000 వరకు జనులు మరణించుచుండవచ్చునని 1999లో ఆ దేశపు వైద్యసంస్థ యొక నివేదికలో అంచనా వేసెను. తప్పులలో ఎక్కువభాగము చెడ్డ మనుష్యులవలన గాక, చెడ్డ యేర్పాట్లవలన కలుగుచున్నవని దాని సారాంశము. 2001లో జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో పీటర్ ప్రొనోవోస్ట్ అను వైద్యుడు, గుండె దగ్గరి పెద్ద సిరలోనికి గొట్టము వేయునపుడు చేయవలసిన అయిదు పనులను ఒక చీటీమీద వ్రాసెను. చేతులు కడుగుకొనుట అందు మొదటిది. అందులో క్రొత్త విద్య యేమియు లేదు. వైద్యుడు ఒక్కటి మరచినను నర్సు ఆపవచ్చునని యాజమాన్యము అధికార మిచ్చుటయే క్రొత్త. మిషిగన్ రాష్ట్రమున నూటికి పైగా తీవ్రచికిత్సా విభాగములలో ఈ పద్ధతిని మరికొన్ని యేర్పాట్లతో కూడ ఆచరింపగా, ఆ గొట్టములవలని రక్తదోషములు నూటికి 66 వంతుల వరకు తగ్గినవని 2006లో ప్రకటింపబడెను. గౌరవము, సహకారము అను మాటలకు అక్కడ చేయి మొలిచినది.

కావున వైద్యశాలల వారికి నేను విన్నవించునది కొంచెమే. పని మారునపుడు ఇద్దరు నర్సులును రోగి మంచమునొద్ద నిలిచి, ఇచ్చిన మందులను కలిసి చదువుకొనవలెను. తన తప్పును తానే తెలిపినవారికి, తెలిపినందువలన కీడు రాదని వ్రాతమూలముగా హామీ యుండవలెను. చిన్నవారు పెద్దవారిని ఆపగలిగి యుండవలెను. ఈ మూడును ఉన్నచోట గోడమీద ఏమియు చెక్కనక్కరలేదు. చదువుకొన్న గృహస్థులమైన మనము కూడ, కలమెత్తినప్పుడు ఎవరు చేసిరని యడుగుటకు ముందు, ఎట్లు జరిగినదని యడుగుట నేర్వవలెను. మన కాగితమునకు ఒకరి అన్నము తీయుశక్తి కలదు. అది నేను ఆలస్యముగా నేర్చితిని.

ఆ నర్సు చెప్పకపోయినచో మా అమ్మ ఆ రాత్రి దాటియుండెడిది కాదని తెలుపుచు, ఆమెను తిరిగి తీసికొనుడని వైద్యశాలకు రెండవ జాబు వ్రాసితిని. మీ అభిప్రాయము మాకు అమూల్యమని అచ్చువేసిన మర్యాద జవాబు వచ్చెను. ఆమె యూరు తెలియదు, చిరునామా ఎవరును ఇయ్యలేదు. మా పాఠశాల గోడమీద కూడ సత్యమునే పలుకవలెనని పెద్ద యక్షరములున్నవి. మొన్న ఒక బాలుడు తానే వచ్చి, గోళము పగులగొట్టితినని చెప్పెను. అలవాటుచొప్పున చేయి బెత్తమువైపు పోయినది; వెనుకకు తీసికొంటిని. ఆ సాయంకాలము ఆ సంగతి చెప్పగా మా అమ్మ విని, కొంతసేపు ఊరకుండి, "ఆ పిల్లకి మళ్లీ ఎక్కడైనా పని దొరికిందంటావా?" అని యడిగెను.