ఎర్ర రొమ్ము పిట్ట కంటి జబ్బు

కొత్త రోగం మొదట్లో హడలెత్తించినా రానురాను దానంతటదే మెత్తబడుతుందని కరోనా రోజుల్లో చాలామందిమి ధైర్యం చెప్పుకున్నాం, గుర్తుందా? అలా జరిగిన సందర్భాలు లేకపోలేదు. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ల బెడద వదిలించుకోవడానికి మిక్సోమా వైరస్‌ను వదిలారు. మొదట్లో అది సోకిన కుందేలు బతకడమే అరుదు. కొన్నేళ్లకే వైరస్ నెమ్మదించింది. ఇది అందరూ చెప్పేదే. అమెరికాలో ఓ పిట్ట సంగతి మాత్రం వేరు, వినండి.

దాని పేరు హౌస్ ఫించ్. మన పిచ్చుకంత ఉంటుంది, మగదానికి తలా రొమ్మూ ఎర్రగా ఉంటాయి. 1994 మొదట్లో వాషింగ్టన్ చుట్టుపక్కల పెరళ్లలో ఈ పిట్టలు కళ్లు వాచి, పుసులు కట్టి కనబడ్డాయి. కారణం మైకోప్లాస్మా గల్లిసెప్టికం. మన కోళ్ల రైతులకిది పాత శత్రువే. ఫారాల్లో సీఆర్‌డీ అంటారు చూడండి, ముక్కు కారడం, గురక, ఆ జబ్బు తెచ్చే క్రిమి. అక్కడ కోళ్లను వదిలి పిట్టలకెక్కింది. మూడు నాలుగేళ్లలో తూర్పు అమెరికా అంతా పాకింది.

కళ్లు మూసుకుపోయిన పిట్టకు గింజ కనబడదు, మీదికొచ్చే పిల్లీ కనబడదు. పాపం, చాలావాటి ప్రాణం అలాగే పోతుంది. జబ్బు ఎలా అంటుకుంటుందంటారా? అక్కడి పెరళ్లలో పిట్టల కోసం గింజలు పోసి వేలాడదీసే గొట్టానికి చిన్న కంతలుంటాయి. జబ్బు పిట్ట అందులో తల దూర్చితే పుసి అంచుకు అంటుతుంది. తర్వాత వచ్చిన పిట్ట కన్ను సరిగ్గా అక్కడే రాసుకుంటుంది.

మరి ఏళ్లు గడిచాక ఆ క్రిమి మెత్తబడిందా? లేదండీ! వేర్వేరు సంవత్సరాల్లో సేకరించి దాచిన క్రిములను జబ్బెరగని పిట్టలకు ఎక్కించి చూశారు. తర్వాతి కాలానివే కళ్లను ఎక్కువ పాడుచేశాయి. ఎందుకంటే, ఒకసారి కోలుకున్న పిట్టకు దక్కే రక్షణ అరకొరే. అది మెతక క్రిమిని ఆపగలదు, మొండిదాన్ని ఆపలేదు. ఆ కాస్త రక్షణ వల్ల పిట్ట చావదు కూడా, కాబట్టి మొండి క్రిమికి అంటించుకుంటూ పోవడానికి బోలెడు వ్యవధి. క్రిమికి కావాల్సింది ఇంకో కన్ను చేరడమే, దయ చూపాల్సిన అవసరం దానికేముంది? అందుకే, తగ్గుతుందిలే అని చేతులు ముడుచుకోవడం నాకస్సలు నచ్చదు.

పిట్టలూ మారాయి. క్రిమిని ఎక్కించి చూస్తే, జబ్బుతో పన్నెండేళ్లు గడిపిన అలబామా పిట్టలు, అదెరగని అరిజోనా పిట్టలకంటే బాగా తట్టుకున్నాయి.

అమెరికాలో పెరట్లో పిట్టలకు గింజలు పెట్టే మనవాళ్లకో మాట. వాచిన కళ్లతో పిట్ట కనబడితే గొట్టాన్ని వెంటనే దించండి. ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి కంతల అంచులు రుద్ది కడిగి, పూర్తిగా ఆరాకే, కొన్నాళ్లాగి మళ్లీ కట్టండి.