ధ్యాస ఎవరి సొత్తు?

మా ఊరు నార్పల ప్రాంతంలోనిది. ఎర్రనేల, సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, వేరుశనగ చేలు, అక్కడక్కడ బోరు నీటితో ప్రాణం నిలుపుకొన్న చీనీ తోటలు - ఇదే మా సీమ స్వరూపం. అనంతపురం జిల్లాలో పుట్టినవానికి నీటి విలువను ఎవరూ నేర్పనక్కరలేదు. కాని నీటివలెనే భూగర్భంలో దాగి, నీటివలెనే మనకు తెలియకుండా తోడుకొనిపోదగిన మరొక సంపద మనలో ఉన్నదని గత వేసవిలో గాని నాకు తెలియలేదు. మా ఇంటి ఉర్దూలో దానిని తవజ్జో అంటాము. తెలుగులో ధ్యాస.

మాకు మూడెకరాల చీనీ తోట ఉన్నది. చెట్లకు పదకొండేండ్లు. మా బోరు రెండు గంటలు పోసేసరికి నీరు తెగుతుంది. అప్పుడు ధార సన్నబడి, గాలి కలిసి గొట్టం గురగురమంటుంది. ఆ చప్పుడు వినగానే మోటారు ఆపివేయాలి; లేనిచో నీరు లేక తిరిగి తిరిగి కాలిపోతుంది. మా పాత స్టార్టరుకు తనంతట తాను ఆగే సదుపాయం లేదు. అబ్బా ఆ చప్పుడును నిద్రలో సైతం పట్టగలరు. ఏప్రిల్ నెలలో ఆయనకు జ్వరం తగిలినందున, తెల్లవారకముందే కరెంటు వచ్చే వేళకు నన్ను తోటకు పంపారు. "చెవి అక్కడే ఉంచు బేటా" అన్నది ఒక్కటే ఆయన చేసిన హెచ్చరిక.

మోటారు వేసి గట్టుమీద కూర్చుని ఫోను తీశాను. ఒక్క క్రికెట్టు దృశ్యం చూచి మూసివేద్దామనుకున్నాను. అది అర నిమిషంలో ముగిసింది. దాని వెనుకనే మరొకటి తానై పైకి వచ్చింది. ఎవరిదో వంట, ఎవరిదో హాస్యం, ఎక్కడిదో పెండ్లి, ఎక్కడిదో వరద. వీటిలో ఏ ఒక్కటీ నేను కోరినది కాదు. తల ఎత్తేసరికి తూర్పు తెల్లబడి ఉన్నది. గొట్టంలో చుక్క లేదు, చప్పుడూ లేదు.

పైపులు పైకి లాగించి, మోటారును పట్టణానికి చేర్చి, వైండింగు చేయించి, తిరిగి బోరులో దింపేసరికి తొమ్మిది రోజులు గడిచినవి. ఆ ఎండలకు పిందె సగం రాలిపోయింది. చెల్లెలి హాస్టలు రుసుముకై దాచిన సొమ్ము ఆ పనికే చెల్లిపోయింది. ఆమె నేటికీ రోజూ బస్సులో కళాశాలకు వెళ్లి వస్తున్నది.

అబ్బా అడిగినది ఒకే ప్రశ్న: "సో గయా థా క్యా బేటా?" నిద్ర పట్టిందా అని. అవునన్నాను. జ్వరంతో వేడెక్కిన చేతితో నా తల నిమిరి, ఈ వయస్సులో నిద్ర ఆగదులే అన్నారు.

తప్పు నాదే. ఫోను నా చేతికి తానై ఎగిరి రాలేదు. అయినను ఆ గట్టుమీద నేను ఒంటరిగా లేనని తరువాత చదివి తెలుసుకున్నాను. యంత్రముల ద్వారా మనుష్యుల తలంపులను, అలవాట్లను మార్చుట ఎట్లు అన్న విషయమై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బి. జె. ఫాగ్ అను పండితుడు 1998లోనే ఒక పరిశోధనశాలను నెలకొల్పాడు. 2003లో ఆయన వెలువరించిన గ్రంథంలో ఈ విద్యకు సంబంధించిన నీతి చర్చ కూడా ఉన్నది. విద్య వ్యాపించినంత వేగంగా నీతి వ్యాపించలేదు. పుట చివర ఆగనక్కర లేకుండా కిందికి కిందికి జరిగిపోతూనే ఉండే ఏర్పాటును 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, అనంతర కాలంలో తన పనికి తానే పశ్చాత్తాపపడ్డాడు. వీటన్నింటికి ముందే స్కిన్నర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త పావురములపై పరీక్షలు జరిపి, గింజ ఎప్పుడు పడునో తెలియనప్పుడు ఆ పక్షి అలుపు లేక పలకను పొడుస్తూనే ఉంటుందని చూపాడు. నా బొటనవ్రేలు ఆ తెల్లవారుజామున చేసినది అదే పని. మా మోటారుకైనా కరెంటు పోయే వేళ ఒకటి ఉన్నది. చేతిలోని ఆ ప్రవాహానికి లేదు.

ఒకరి మనస్సును ఆకర్షించుట పాపమని నేను అనను. సంతలో కేకవేసే వర్తకుడు, వేదికపై ఉపన్యసించే నాయకుడు, తరగతిలో పాఠం చెప్పే గురువు, అందరూ చేసేది ఆ పనే. మన తెలుగువారి అష్టావధానంలో ధ్యాసను చెదరగొట్టుటకే ఒక పృచ్ఛకుని నియమిస్తారు. అతడే అప్రస్తుత ప్రసంగి. అవధాని సమస్యను పూరించుచున్న వేళ, ఇంటిలో ఈ పూట కూర ఏమిటని అడ్డు తగులుతాడు. కాని అతడు వేదికమీద, పదిమంది కన్నుల ఎదుట కూర్చుంటాడు. అతనికీ ఒక హద్దు ఉన్నది. అవధాని తొణకక ధారణ ముగించినప్పుడు సభతో పాటు అతడూ చప్పట్లు కొడతాడు. మన ఫోనులోని అప్రస్తుత ప్రసంగి ముఖం మనకు కానరాదు. మనం ఓడిన కొలది అతనికి ఆదాయం. ఈ తేడాయే నాకు సహింపరానిది.

ప్రభుత్వములు ఊరకున్నవని కూడా చెప్పలేము. డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అట్టి చట్టం చేసింది. కొనుగోలుదారులను మాయచేసే 13 విధముల పన్నాగములను 2023 నవంబరులో కేంద్రం పేరుపేరున నిర్వచించి కూడదన్నది. ఇవన్నీ ప్రధానంగా సంచికి కాపలా. పైసా పోకుండా పోయిన గంటను ఎవరు లెక్కిస్తారు? ఒకప్పుడు బోరు నీటి సంగతీ ఇంతే. ఎవరి పొలంలో వారు ఎంత లోతైనా తవ్వుకొనవచ్చునని అనుకున్నాము. పొరుగువాని బావి ఎండిన తరువాత, 2002లో వాల్టా చట్టం వచ్చి, కంటికి కనబడని నీరు సైతం అందరిదని చెప్పింది. అప్పటికే ఎన్నో బోర్లు ఒట్టిపోయినవి.

ఫోనును బావిలో పడవేయుమని నేను చెప్పబోను. చీనీ ధర, వాన కబురు, చివరకు మన కళాశాల పరీక్షల ప్రకటనలు కూడా అందులోనే వస్తున్నవి. (కమిటీ పెద్దలు అన్యథా భావింపకున్నచో, ఆ ప్రకటనలను గోడమీది నల్లబల్లపై కూడా వ్రాయించవలెనని నా మనవి.) ఇప్పుడు తోటకు వెళ్లేటప్పుడు దానిని ఇంటిలోనే ఉంచి వెళుతున్నాను. మొదటి వారం చేయి ఊరికే జేబు తడుముకొన్నది. ఇప్పుడు నీరు తెగకముందే ధారలో వచ్చే మార్పు కొంత కొంత తెలియవస్తున్నది. అబ్బాకు తెలిసినంత కాదు.

అబ్బాకు తెలుగు చదవడం రాదు. ఈ సంచిక ఇల్లు చేరిన రోజున చెల్లెలు దీనిని ఆయనకు చదివి, ఉర్దూలో చెబుతుంది. అబ్బా, ఆ తెల్లవారుజామున నేను నిద్రపోలేదు.