రెండు గొంగళ్లు

కొమురవెల్లి మల్లన్నకు పట్నం వేయించి, బోనం అప్పజెప్పి వచ్చాకే మా కురుమవాడ గొర్లు వలసకు కదిలేవి. సిద్దిపేటకు తూర్పున చిన్న ఊరు మాది. ఎనభయ్యో దశకం మొదట్లో ఎండలు ముదిరితే చెరువు అడుగు నెర్రెలు బాసేది, కంచెల్లో గడ్డిపోచ మిగిలేది కాదు. హుస్నాబాద్ మీదుగా గోదారి దిక్కు పోతే అడవి, నీళ్లు. మళ్లీ మిరుగు కార్తె పడ్డాకే ఇంటి మొహం చూసేది.

నాకు పదేళ్లప్పుడు మూడు రోజులు మందతో నడిచాను. ముందు మా తాత, వెనక ఆయన అన్న, మా పెద్దతాత. వెనక నడవడమే కష్టమని అప్పుడే తెలిసింది. దుమ్మంతా ఆయన మీదికే వచ్చేది. కుంటేది, ఈనేది, అలిసి కూలబడేది అన్నీ ఆయన పాలే. తొవ్వలో పుట్టిన పిల్లను గొంగడి మడతలో వేసుకుని, తల్లి వాసన పట్టేట్టు దాని ముందర నడిచేవాడు. సాయంత్రం మందను లెక్కపెట్టేవాడు కాదు. ఒక్కో మొహం చూసుకుంటూ పోయి, ఏది రాలేదో చెప్పేవాడు.

రాత్రి ఎవరో ఒక రైతు చెలకలో మంద పెట్టేవాళ్లు. పెంట, ఉచ్చ భూమికి బలం కనుక రైతు వడ్లో జొన్నలో కొలిచేవాడు. ఆ గింజలే మా గటక. తోడేలు భయానికి తాతలిద్దరూ వంతుల వారీగా మేల్కొనేవాళ్లు. నేను మాత్రం పెద్దతాత గొంగడిలో దూరి పడుకునేవాణ్ణి.

ఆ గొంగడి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. దక్కని నల్లగొర్రె ఉన్ని వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించేవాళ్లు. వాన చుక్క దాని మీద నిలవకుండా జారిపోయేది. ఎండకు నెత్తిన మడత, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. 2017లో మా పక్కనే కొండపాకలో సర్కారు గొర్రెల పంపిణీ మొదలైంది, మనిషికి ఇరవై గొర్లు, ఒక పొట్టేలు. సంతోషమే. కానీ ఇప్పుడు మందల్లో ఎక్కువగా కనబడేది నెల్లూరు జాతి. దాని ఒంటి మీద గొంగడికి పనికొచ్చే ఉన్ని ఉండదు. ఆ నల్లగొర్రె తరిగిపోవడం నాకు సొంత మనిషి పోయినంత బాధ.

మూడో రోజు హుస్నాబాద్‌లో నన్ను బస్సెక్కించారు. ఏడుస్తుంటే పెద్దతాత కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "మిరుగుకు వస్తం గద కొడుకా, ఊకో" అన్నాడు.

మొన్న డాలస్‌లో కొడుకు దగ్గర ఉన్నప్పుడు 'లోన్సమ్ డవ్' చూశాను. లారీ మెక్‌మర్ట్రీ నవల ఆధారంగా 1989 ఫిబ్రవరిలో అమెరికా టీవీలో నాలుగు రాత్రులు వచ్చిన కథ. గస్, కాల్ అనే ఇద్దరు పాత మిత్రులు పశువుల మందను టెక్సాస్ నుంచి మోంటానా దాకా తోలుకుపోతారు. గస్‌గా రాబర్ట్ డువాల్, కాల్‌గా టామీ లీ జోన్స్. దుమ్ము, ఏర్లు దాటడం, రాత్రి కాపలా, అన్నీ నాకు తెలిసినవే. చివర్లో గస్ మోంటానాలో చనిపోతాడు. ఇచ్చిన మాట కోసం కాల్ ఆ శవాన్ని మళ్లీ టెక్సాస్ దాకా మోసుకొస్తాడు. అక్కడ ఇక చూడలేక లేచి బయటికి వెళ్లాను.

నన్ను బస్సెక్కించిన ఆ ఏడు మిరుగుకు మంద వచ్చింది. వెనక దుమ్ములో మనిషి లేడు. గోదారి ఒడ్డున జ్వరంతో పోయాడట. అంతంత దూరం ఎట్లా తెస్తారు, మందను ఎవరికి వదిలిపెడతారు? అక్కడే మట్టి చేసి, కర్ర, గొంగడి తెచ్చారు. గొర్లు ఎప్పటిలాగే దొడ్డిలోకి దూరాయి. పెద్దవ్వ గడపలో కూర్చుని ఆ గొంగడి ఒళ్లో పెట్టుకుంది, ఉతకనియ్యలేదు.

ఆ రాత్రి పెద్ద వాన. తాత కాసేపటికి పోయి వదినె ఒళ్లోంచి మెల్లగా దాన్ని తీసుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. దొడ్డి ముందర, తన గొంగడి మీద అన్న గొంగడి కప్పుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు.