రాయి మిగిలిన మఠం, రాత మిగిలిన మఠం

మధ్యప్రదేశ్‌లోని సీధీ జిల్లాలో, శోణ నది దగ్గరున్న చంద్రేహకు వెళ్లినవాళ్ల కళ్లు ముందు గుడి మీదికే పోతాయి. గర్భగుడి గుండ్రంగా ఉంటుంది, శిఖరమూ ఆ గుండ్రాన్నే పట్టుకుని లేస్తుంది. నేను వెళ్లింది మాత్రం దాని పక్కనున్న రాతి మఠం కోసం. మత్తమయూర శాఖ శైవాచార్యుడు ప్రబోధశివుడు దాన్ని కట్టించినట్టు అక్కడి 972-73 నాటి శాసనం చెబుతోంది. గుడి ఆయన గురువు ప్రశాంతశివుడిది. మఠంలో మధ్యన ఖాళీ జాగా, చుట్టూ స్తంభాల వసారా, దాని వెనక గదులు. మండువా లోగిలి ఎరిగిన తెలుగువాళ్లకు ఈ అమరిక కొత్తేమీ కాదు. తపస్సుకు ఒక గుహ చాలు; ఇన్ని గదులు, ఇంత మందం గోడలు ఎందుకు? నాకు తోచిన జవాబు ఒక్కటే: మఠమంటే సంసారం వదిలినవాళ్లు కట్టుకున్న పెద్ద సంసారం.

గోడల్ని చూసి ఇంత తీర్పు చెప్పడం తొందరపాటని ఎవరైనా అనవచ్చు. నిజమే, గదిలో ఏం జరిగేదో గోడ చెప్పదు. అది చెప్పే సాక్ష్యం కోసం తుళ్లూరు మండలం మల్కాపురం రావాలి. ఇక్కడి మఠానికి మిగిలింది భవనం కాదు, శాసన స్తంభం. చంద్రేహ ఉన్న డాహల దేశంలోనే పుట్టిన గోళకీ మఠ పరంపరలోని విశ్వేశ్వర శంభువు కాకతి గణపతిదేవుడికి గురువు. గణపతిదేవుడు మందడాన్ని, రుద్రమదేవి వెలగపూడిని ఆయనకిచ్చిన సంగతి 1261 నాటి ఈ శాసనంలో ఉంది. ఆ ఊళ్ల ఆదాయంలో మూడో వంతు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలి.

శాసనాలు గొప్పలు పోతాయి కదా అంటే, పోతాయి. డాహలను ఏలిన కలచురి రాజు గోళకీ మఠానికి మూడు లక్షల ఊళ్లిచ్చాడని రాసింది ఈ స్తంభమే, నేను నమ్మను. కానీ వేదాలు చెప్పడానికి ముగ్గురు, ఒక వైద్యుడు, ఒక లెక్కల కాయస్థుడు, నర్తకులు, ఊరి కాపలాకు వీరభద్రులు అంటూ మనుషుల్ని లెక్కపెట్టి ఎవరి వాటా వాళ్లకు రాయడం పొగడ్త కాదు, పద్దు. ఆ వాటాలన్నీ రెండు ఊళ్ల రైతుల చెమటలోంచి వచ్చినవేనన్న ఆక్షేపణకు మాత్రం నా దగ్గర ఎదురుమాట లేదు. పెద్ద సంసారానికి రాబడి కావాలి. చంద్రేహ రాళ్లు దాచిన ఆ సంగతిని మల్కాపురం దాచలేదు.