రేవున దింపిన గ్యాసుబండ

మా వత్సవాయి మెట్టసీమలోని యూరు. కార్తికమాసము వచ్చినదన్న మా యింటి స్త్రీల మనసంతయు కృష్ణమ్మపైననే యుండును. గడచిన కార్తికమున జగ్గయ్యపేట మీదుగా పోయి, వేదాద్రిలో యోగానంద నృసింహస్వామిని సేవించి, ముక్త్యాలరేవున బల్లకట్టెక్కి కృష్ణను దాటి, ఆవలియొడ్డున మాదిపాడునుండి అమరావతికి పోయి అమరేశ్వరుని దర్శింప నిశ్చయించితిమి. పిల్లలు, పెద్దలు కలిసి పదునొకండుగురము. ఒక వ్యాను మాటాడుకొంటిమి. చెట్టునీడ దొరకినచోట వండుకొనవచ్చునని బియ్యము, పప్పు, పాత్రలతోబాటు ఇంటి గ్యాసుబండను, పొయ్యిని గూడ వెనుకసీటు ప్రక్కన నెక్కించితిమి. “ఇల్లే బండెక్కి వస్తున్నదే!” యని మా అత్తగారు నవ్విరి.

వేదాద్రిలో స్నానము, దర్శనము ముగించి, ఏటియొడ్డున కాఫీ కాచుకొని త్రాగితిమి. ముక్త్యాల చేరుసరికి బల్లకట్టు ఆవలియొడ్డునుండి తిరిగి వచ్చుచుండెను. ఎండలో తళతళలాడు ఆ నీటిని జూచి పిల్లలు కేరింతలు కొట్టిరి. వెనుకసీటులో మా మనుమరాలు నిద్రించుచుండెను.

మా వంతు వచ్చినది. బల్లకట్టువారిలో నొక వృద్ధుడు వ్యాను తలుపుదగ్గరకు వచ్చి ఆగి, “అమ్మా, లోపల గ్యాసుబండ ఉన్నదా? వాసన వస్తున్నది” అనెను.

“పొయ్యి ఆర్పేశాం నాయనా” అనిరి అత్తగారు.

“పొయ్యి ఆర్పితే చాలదు తల్లీ, బండ దగ్గర కట్టాలి. ముందు అందరూ దిగండి. బీడీలు పారేయండి! డ్రైవరూ, ఇంజను ముట్టుకోకు!”

పిల్లను ఎత్తుకొని దిగితిమి. తలుపులన్నియు తెరచి చూడగా, బియ్యపుమూట యొరిగి గొట్టమును లాగియున్నది. పొయ్యిదగ్గర దాని బిగువు సడలినది. రెగ్యులేటరు తెరచియే యున్నది! తోడికోడలు కట్టినదని మేము, మేము కట్టితిమని ఆమె అనుకొంటిమి. మాకు కాళ్లు వణకినవి.

“నేలమీద అయితే గాలికి పోతుంది. పడవలో ఎక్కడికి పోతుంది తల్లీ?” అనెను వృద్ధుడు.

ఈ మాటలో శాస్త్రమంతయు నున్నది. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినప్పుడు పైకెగయక, నీరువలె పల్లమునకు దిగి నిలుచును. బల్లకట్టన్నచో జతచేసిన పడవలపై పఱచిన బల్లలే గదా! సందులనుండి గ్యాసు పడవగర్భమున చేరిన, నీటిని లోనికి రానీయని పడవయే దానిని బయటికి పోనీయదు. పిమ్మట ఇంజనునుండి యొక్క నిప్పురవ్వ చాలును. దిగి పరుగెత్తుటకు నది నడుమ నేల యెక్కడ?

విదేశములలో వంటయిల్లు గల వ్యానులను ఓడలపై దాటింతురు. అచ్చటను ఎక్కుటకు ముందే గ్యాసును బండవద్ద కట్టవలెనని, దాటునంతసేపు పొయ్యి వెలిగింపరాదని నియమము. మనదేశమున రైలులో గ్యాసుబండ నిషిద్ధము. అయినను 2023 ఆగస్టు 26న మధురలో, యాత్రికుల పెట్టెలోనికి రహస్యముగా తెచ్చిన బండవలన మంటలు లేచి తొమ్మండుగురు మరణించిరి. వారును మనవలె కాఫీ, టీ కోరిన యాత్రికులే.

సోదరీమణులారా! నీటిపై ప్రయాణమునకు బండను తీసికొనిపోకుండుటయే ఉత్తమము. దారిలో వాడవలసివచ్చినచో, వంట కాగానే రెగ్యులేటరును కట్టి, ఊడదీసి, బండకు మూత బిగింపుడు. బండ నిలువుగా నుండవలెను. మూటలు దానిపై ఒరుగరాదు. అనుమానమున్నచో సబ్బునీరు రాచి బుడగలు చూడుడు, అగ్గిపుల్లతో పరీక్షింపకుడు. వాసన వచ్చినచో స్విచ్చి ముట్టక, తలుపులు తెరచి, దూరముగా పోయి 1906కు ఫోను చేయుడు. ఈ పని ఎవరిదో ఒకరిదని బయలుదేరక ముందే పేరుపెట్టి చెప్పుకొనుడు. “ఎవరో కట్టియుందురు” అనుకొనుటయే మా తప్పు.

బండకు మూత బిగించి, సబ్బునీటితో పరీక్షించి, ముక్త్యాలలోని చుట్టముల యింటి ఆరుబయట నీడను దింపితిమి. వ్యానులో వాసన పూర్తిగా పోయినపిమ్మట తరువాతి విడత బల్లకట్టు ఎక్కితిమి. ఆనాడు అమరావతిలో అటుకులు, అరటిపండ్లే మాకు భోజనము. తిరుగుదారిలో ఆ వృద్ధునకు ప్రసాదమీయగా, మా మనుమరాలిని జూచి, “మేలుకున్నదా పాప?” యని అడిగెను. మాకు కన్నులు చెమర్చినవి.