వేళచ్చేరి నుండి విజయవాడకు

చెన్నైలో కోవెలలు, సముద్రతీరం చూచిన పిమ్మట మేము వేళచ్చేరి వెళ్ళాము. విమానచోదకుడు కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూక్రాస్ వారి ఆశ్రయం అచ్చటనే ఉన్నది. నగరపాలక సంస్థ 1996లో వీధికుక్కలను చంపుట మాని సంతాన నిరోధక శస్త్రచికిత్సలకు మళ్ళుట వీరి దీర్ఘకాల కృషి ఫలితమే.

పిల్లలు బొచ్చుకుక్కను కోరినారు. మా చూపు మాత్రం మూలన ముడుచుకొన్న పొట్టి గోధుమవన్నె కుక్కపై నిలిచినది. చెవి అంచున కత్తిరింపు, శస్త్రచికిత్స అయినదనుటకు గుర్తు. వయసు మళ్ళిన వాటిని అడిగేవారు అరుదట. ఇది మాకు అన్యాయమనిపించినది.

"బదిలీ అయితే దీనినేమి చేస్తారు?" అని అడిగినారు. మన ఉద్యోగాల సంగతి వారికెవరు చెప్పినారో! వెంట తీసికొనిపోతామని వ్రాసి ఇచ్చాము.

తిరుగు ప్రయాణంలో దానికి గార్డు పెట్టెలోని కుక్కల గూడే చోటు. గూడూరులో నీళ్ళిస్తే ముఖం త్రిప్పుకొన్నది. ఒంగోలులోనూ అంతే. విజయవాడలో త్రాగినది.