కరవని కుక్క

నేను బతుకుతెరువుకోసం ఇతరుల కుక్కలను చూస్తాను. ఈ మాట చెబితే మిత్రులు నవ్వుతారు. ఇరవై యేళ్లు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. 2020లో కరోనా వచ్చి కాలేజీ మూతపడింది, దానితోపాటు జీతమూ ఆగిపోయింది. మల్కాజిగిరిలో మా యింటికి చిన్న పెరడు వుంది. వూళ్లకు పోయేవారి కుక్కలను రోజుకింత అని తీసుకొని వుంచుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

ఈ పనిలో నేను పెట్టుకొన్న నియమం ఒకటుంది. కొత్త కుక్క మా యింటికి రాకముందు నేను దాని యింటికి వెళ్లి చూడాలి. పరాయి చోట కుక్క భయంతో ముడుచుకొని వుంటుంది గనుక దాని అసలు స్వభావం వెంటనే బయటపడదు. సొంత గడపలో అయితే తనదనుకొన్న గిన్నెనూ, మూలనూ, మనిషినీ అది యెలా కాపాడుకొంటుందో చూడవచ్చు. టీకా కార్డు అడిగి చూస్తాను. రేబిస్ టీకా గడువు దాటిందా, పార్వోకూ డిస్టెంపర్‌కూ వేయించారా అని చూసుకొంటాను. యేం తింటుంది, టపాసులకు భయపడుతుందా, యెప్పుడైనా యెవరినైనా కరిచిందా అని అడుగుతాను. చివరి ప్రశ్నకు జవాబు దాదాపు అన్ని యిళ్లలోనూ ఒకటే. "మాది కరవదండీ."

ఇలా చాలా యిళ్లు చూశాను. నా ప్రశ్నలు యజమానిని అడిగితే ఆయన భార్యవైపు చూస్తాడు, ఆమె వంటింటివైపు చూస్తుంది. కుక్కకు అన్నం కలిపేదీ, దాన్ని పొద్దున్నే రోడ్డుకు తీసుకుపోయేదీ, నేలమీద అది చేసిన పాడు తుడిచేదీ పనిమనిషి. కొనుగోలు రసీదు ఒకరి పేరున వుంటుంది, కుక్కను గురించిన జ్ఞానం మరొకరి దగ్గర వుంటుంది. మనిషి సాంగత్యంవల్లనే కుక్కకు ప్రేమా కృతజ్ఞతా వంటి భావాలు అలవడ్డాయని ఎంగెల్స్ 1876లో రాశాడు. ఆ సాంగత్యం నేటి అపార్టుమెంట్లలో యెవరి చేతులమీదుగా జరుగుతున్నదో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది.

2022లో కొండాపూర్ వైపు ఒక యింటికి వెళ్లాను. మూడేళ్ల లాబ్రడార్. యజమాని మర్యాదస్థుడు. "ఇది మా కుటుంబ సభ్యుడండీ" అన్నాడు. కరవదని కూడా అన్నాడు. టీ తెచ్చి యిచ్చిన పనిమనిషి గోడకు ఆనుకొని నిలబడింది. కుక్క వచ్చి ఆమె పాదాలమీద తల పెట్టి పడుకొంది. నేను సెలవు తీసుకొని లిఫ్టు దగ్గరకు వచ్చేసరికి ఆమె చెత్తబుట్టతో వెనకాలే వచ్చింది.

"సారూ, అది తినేటప్పుడు దగ్గరికి పోకుండ్రి. నన్ను కరిచింది" అని చెయ్యి చూపించింది. మోచేతి కింద నాలుగు మచ్చలు.

"సూదులు వేయించుకున్నావా అమ్మా?"

"సర్కారు దవాఖానకు పోయిన. నాలుగు సార్లు రమ్మన్నరు. ఆ నాలుగు దినాల పైసలు కోసిండ్రు."

నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రమే ఫోను చేసి, "మీ కుక్క కరిచిందని మీ పనామె చెప్పింది, మీరెందుకు దాచారు?" అని నిలదీశాను. ఆమె పక్షాన మాట్లాడుతున్నానని నా నమ్మకం. అవతల కొంచెంసేపు మౌనం. "అదేదో ఆడుకొంటూ గీరిందండీ" అన్నాడు. వాదన అంతటితో ఆగింది గాని బేరం ఆగలేదు. కుక్క మా యింటికి వచ్చింది. పదిరోజుల డబ్బు వదులుకొనే స్థితిలో నేను లేను. గిన్నె పెట్టి గది తలుపు మూసి, అది తినడం ముగించి బయటికి వచ్చాకనే లోపలికి వెళ్లి గిన్నె తీసేవాణ్ణి. యెవరికీ గాయం కాలేదు. ఆమె చెప్పిన మాటవల్లనే కాలేదు.

పదకొండోనాడు కుక్కను అప్పగించడానికి వెళితే తలుపు తీసింది వేరే స్త్రీ. "ఆమె మానేసిందండీ" అన్నాడు యజమాని. కుక్క లోపలికి పరుగెత్తి, వంటింట్లో వెతికి, తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

నా ఫోనువల్లనే ఆమె పని పోయిందని రుజువు లేదు. రుజువు లేదు గదా అని చేతులు కడుక్కోవడం మాత్రం నావల్ల కావడం లేదు. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. మన ప్రభుత్వం దాన్ని యింకా ధ్రువీకరించలేదు. ఈ విమర్శ సరైనదే, చేయవలసిందే. కాని ఆనాడు నేను చేసిన పనికి అది సమాధానం కాదు.

నోరులేనివారికి నోరు యివ్వాలని మనం తరచు రాస్తూవుంటాం. ఆమెకు నోరు వుంది. యెక్కడ, యెంత గొంతుతో, యెవరితో మాట్లాడాలో ఆమెకు తెలుసు. హాల్లో మాట్లాడకుండా లిఫ్టు దగ్గర మాట్లాడడం పిరికితనం కాదు, ఆ మాట ఖరీదు తెలిసినతనం. ఆ మాటను ఆమెను అడగకుండా తీసుకుపోయి నేను హాల్లో పెట్టాను. కోపం నాది, నష్టం ఆమెది. శ్రామికుల జీవితాన్ని కథగానో వ్యాసంగానో రాసే మనమంతా ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసం కూడా ఆమెను అడగకుండానే రాస్తున్నాను. అందుకే ఆమెను గుర్తుపట్టగల వివరమేదీ యిందులో పెట్టలేదు.

ఇప్పుడు కొత్త యిళ్లకు కుక్క తిండి వేళకే వెళుతున్నాను. గిన్నె దగ్గర దాని మెడ బిగుసుకొంటుందా, గుర్రుమంటుందా అని నా కళ్లతో చూస్తాను. చూసినదాన్ని నా పేరు మీదనే యజమానితో చెబుతాను. పనివారు యేదైనా చెబితే, "ఇది నేను బయట అనవచ్చునా?" అని ముందు అడుగుతాను. వద్దంటే అనను.

ఆమె ఇప్పుడెక్కడ పనిచేస్తున్నదో కనుక్కొందామని రెండుసార్లు ఆ వీధికి వెళ్లాను. వాచ్‌మన్‌కు తెలియదు. నన్ను కుక్క కరవకూడదని ఆమె చెప్పింది. ఆమెకు యేమవుతుందోనని నేను ఆలోచించలేదు.